ట్రేలో రాని గింజ ఖాళీ స్థలంలో ఎలా మొలిచింది?

తొలకరి (విజయవాడ, సింగ్ నగర్)
ఏప్రిల్ 12, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను బడిలో సైన్సు చెబుతాను. వినాయక చవితి వచ్చిందంటే మా పిల్లలు పత్రి కోసం సంచులు పట్టుకుని కాలవ గట్ల మీద తిరిగేవారు. ఇప్పుడు బజార్లో కట్ట కొనేసి, అందులో ఏ ఆకు ఏదో తెలియకుండానే పూజ ముగించేస్తున్నారు. నాకది మనసుకు పట్టలేదు. బడి వెనక రెండు సెంట్ల జాగా ఉంది. అందులో ఉత్తరేణి, విష్ణుక్రాంత, వాకుడు, ఉమ్మెత్త, వాటితోపాటు తంగేడు, గునుగు, నేల ఉసిరి, కుక్కతులసి పిల్లల చేతే పెంచాలని పెట్టుకున్నాం.

చలికాలంలో రైవస్ కాలవ గట్టున, ఇబ్రహీంపట్నం వైపు రోడ్డు పక్కన గింజలు ఏరాం. ఎండబెట్టి కాయితం పొట్లాల్లో దాచాం. మార్చి మొదట్లో ట్రేలలో కొబ్బరి పొట్టు నింపి, అర అంగుళం లోతున గింజలు వేసి, ఎండ దెబ్బ తగలకుండా మామిడి చెట్టు కింద పెట్టాం. రోజూ తడుపుతున్నాం. అదే పొట్టులో పక్కనే వేసిన బెండ, గోంగూర వారానికల్లా లేచాయి. ఇవి నలభై రోజులైనా లేవలేదు. ఉత్తరేణి నాలుగు మొలకలు, అంతే.

నన్ను తొలిచేస్తున్న సంగతి ఇంకొకటి ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా వీధుల్లో నిలిచిపోయాయి కదా. మా ఇంటి ఎదురు ఖాళీ స్థలమంతా బురదే. నీళ్లు తీశాక జేసీబీ వచ్చి ఆ బురదను, చెత్తను, పై మట్టిని గీకి ఎత్తుకుపోయింది. కొన్నాళ్లకి చూస్తే గునుగు, నేల ఉసిరి, కుప్పింట చాప పరిచినట్టు లేచాయి. ఎవరు చల్లారు? ఎవరు నీళ్లు పోశారు? నేను ఇంత జాగ్రత్తగా వేసినవి ఎందుకు రావు? నా గింజలు చచ్చినట్టేనా?

మిరపచేను (గుంటూరు జిల్లా, ప్రత్తిపాడు)
ఏప్రిల్ 12, రాత్రి 10:25

తొలకరి గారు, నేల ఉసిరి గింజను అర అంగుళం లోతున పెట్టారా! అది ఇసుక రేణువంత ఉంటుందండి. దాని పొట్టలో ఉన్న తిండితో అంత మట్టిని తోసుకుని పైకి రాలేదు.

మా నాన్నగారు పొగాకు నారు పోసేవారు. పొగాకు గింజ గ్రాముకి పది వేలకు పైనే ఉంటుంది. దాన్ని సన్న ఇసుకలో కలిపి మడి మీద పలచగా చల్లి, అరచేత్తో అదిమి వదిలేసేవారు. మన్ను కప్పితే కొట్టేవారే. మడి మీద ఎండుగడ్డి పలచగా పరిచి రోజుకు నాలుగైదుసార్లు చిలకరించడమే పని. ఎందుకు కప్పకూడదని అడిగితే "దానికి ఆకాశం కనపడాలిరా" అనేవారు. మీ గింజలు కూడా ఆ కోవకే చెంది ఉంటాయి. పైన చల్లి చూడండి.

గింజలపెట్టె (గుంటూరు)
ఏప్రిల్ 13, ఉదయం 7:15

మిరపచేను గారి నాన్నగారి మాట అక్షరాలా నిజం. విత్తనాల పరీక్ష నా ఉద్యోగం, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

చాలా చిన్న గింజల్లో ఫైటోక్రోమ్ అనే ఒక రంగు పదార్థం ఉంటుంది. అది గింజకు కన్ను లాంటిది. మామూలు ఎర్ర వెలుతురు, అంటే 660 నానోమీటర్ల దగ్గరిది, తగిలితే అది లేపే రూపంలోకి మారుతుంది. దానికి ఆవలి ఎరుపు, మన కంటికి దాదాపు ఆననిది, 730 నానోమీటర్ల దగ్గరిది తగిలితే మళ్లీ నిద్రపుచ్చే రూపంలోకి తిరిగిపోతుంది. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం బెల్ట్స్‌విల్‌లో బోర్త్‌విక్, హెండ్రిక్స్, వారి సహచరులు 1952లో లెట్యూస్ గింజల మీద దీన్ని తేల్చారు. ఎరుపు, ఆవలి ఎరుపు, మళ్లీ ఎరుపు, మళ్లీ ఆవలి ఎరుపు అంటూ మార్చి మార్చి వేశారు. ఎన్నిసార్లు మార్చినా చివరగా పడిన వెలుతురే లెక్కలోకి వచ్చింది. ఆఖరిది ఎరుపైతే మొలిచాయి, ఆవలి ఎరుపైతే పడుకున్నాయి.

ఇప్పుడు మీ మామిడి చెట్టు సంగతి. ఆకులోని పచ్చదనం ఎర్ర వెలుతురును తాగేస్తుంది, ఆవలి ఎరుపును మాత్రం కిందికి వదిలేస్తుంది. బయట ఎండలో ఈ రెండూ ఇంచుమించు సమానంగా ఉంటాయి, ఎరుపుదే కొంచెం పైచేయి. గుబురు చెట్టు కింద ఎరుపు, ఆవలి ఎరుపులో పదో వంతుకో ఐదో వంతుకో పడిపోతుంది. గింజకు అందే కబురు ఒకటే: "పైన పెద్ద చెట్టు ఉంది, ఇప్పుడు లేస్తే నీకు తిండి పుట్టదు." అది పడుకుంటుంది. మీ గింజలు చచ్చాయని ఇప్పుడే అనకండి. మీరు వాటిని సరిగ్గా పడుకోమన్న చోటే పెట్టారు, పైగా పొట్టు కప్పారు. మట్టిలోకి వెలుతురు కొన్ని మిల్లీమీటర్లకు మించి దిగదు.

తొలకరి
ఏప్రిల్ 13, ఉదయం 8:02

చెట్టు కింద కూర్చుని పుస్తకం చదువుకునేంత వెలుగు ఉందండీ. అది చాలదా? మరి నీడ లేకుండా పెడితే ఈ ఎండల్లో ట్రేలు మాడిపోవా?

గింజలపెట్టె
ఏప్రిల్ 13, ఉదయం 8:30

ఎంత వెలుగు అన్నది కాదు, ఎలాంటి వెలుగు అన్నది ముఖ్యం. గోడ నీడ వేరు, చెట్టు నీడ వేరు. ఉత్తరపు గోడ పక్కన వెలుగు తగ్గుతుంది గానీ, అక్కడ పడేది ఆకాశపు వెలుగు. అందులో ఎరుపు పాలు తగ్గదు. అందుకే గోడ మొదట్లో, మెట్ల సందుల్లో పిచ్చి మొక్కలు అంత హాయిగా మొలుస్తాయి. ట్రేలను చెట్టు కింద నుంచి తీసి గోడ నీడకు మార్చండి. నల్ల నెట్ ఉన్నా పరవాలేదు, అది అన్ని రంగుల్నీ ఒకేలా తగ్గిస్తుంది. పచ్చటి ఆకు పందిరి మాత్రం వద్దు.

కొండదారి (కొండపల్లి)
ఏప్రిల్ 13, మధ్యాహ్నం 1:10

తంగేడు విషయంలో మాత్రం వెలుతురును తప్పుపట్టకండి. దాని కథ వేరు.

తంగేడు, రేల, తుమ్మ, గురివింద, ఇవన్నీ పెంకు గింజలు. పైపొర మైనం పట్టినట్టు ఉండి నీటి చుక్కను లోపలికి పోనివ్వదు. నెల రోజులు నానబెట్టినా గులకరాయిలా అలాగే ఉంటుంది. కొండ మీద దాన్ని విప్పేవి ఎండాకాలపు వేడి, రాళ్ల రాపిడి, మేకల పొట్ట. మా వైపు మేకల దొడ్ల పెంటలో తుమ్మ మొలకలు గుంపులుగా కనిపించడానికి కారణం అదే. కాయ తిన్న మేక గింజను అక్కడ విడిచిపెడుతుంది, పెంకు అప్పటికి కొంత కరిగి ఉంటుంది.

ఇంట్లో చేయాలంటే ఇలా. గిన్నెలో నీళ్లు మరిగించి పొయ్యి మీద నుంచి దించేయండి. దించాకే గింజలు వేయాలి, పొయ్యి మీద ఉండగా వేస్తే ఉడికిపోతాయి. ఆ నీళ్లలోనే చల్లారనిచ్చి తెల్లారేదాకా ఉంచండి. పొద్దున చూస్తే కొన్ని రెండింతలు ఉబ్బి ఉంటాయి, అవి విత్తుకోవచ్చు. ఉబ్బనివి మళ్లీ వేడి నీళ్లకు పెట్టండి, లేదా గరుకు కాగితం మీద ఒక పక్క రుద్దండి. బొడ్డు ఉన్న వైపు రుద్దకండి, మొలక అక్కడే ఉంటుంది. విష్ణుక్రాంత కూడా తూటి కుటుంబానిదే, ఆ కుటుంబంలో చాలావాటికి ఈ పెంకు గుణం ఉంది. సగం గింజలకు ఇలాగే చేసి చూడండి.

ఇంకో మాట. నాకు దగ్గరివాళ్లు కొండపల్లి బొమ్మలు చెక్కుతారు. దానికి తెల్ల పొనికి కర్రే కావాలి. తేలిక, ఉలికి వెన్నలా లొంగుతుంది. ఆ చెట్టు ఇప్పుడు దగ్గర్లో దొరకడం కష్టమైపోయింది. గింజ వేసి పెంచుదామంటే ఇది అన్నిటికన్నా మొండిది, పెంకు రాయి లాంటిది. ఒక అంచున అరగదీసి నానబెడుతున్నాను. వచ్చేవి వస్తాయి, చాలా వరకు రావు. ఎవరికైనా ఇంతకన్నా మంచి దారి తెలిస్తే దయచేసి చెప్పండి. ఇది నాకు సరదా కాదు. ఆ చెట్టు పోతే ఆ పని పోతుంది.

వేదిక నిర్వహణ
ఏప్రిల్ 13, సాయంత్రం 5:00

సభ్యులకు చిన్న మనవి. రిజర్వు అడవిలో అటవీ శాఖ అనుమతి లేకుండా గింజలు, కాయలు ఏరవద్దు. రోడ్డు పక్కన ఏరినా ఒక మొక్క మీద ఉన్నవన్నీ దూయకండి. ఉమ్మెత్త గింజ విషం. బడిలో పెంచేవారు పిల్లల చేతికి ఇవ్వకండి.

నీడపట్టున (విజయవాడ, పటమట)
ఏప్రిల్ 14, ఉదయం 6:50

అందరూ వెలుతురు వెలుతురు అంటున్నారు, నాకైతే ఒప్పుకోబుద్ధి కావడం లేదు. మా పెరట్లో మామిడి కిందనే వేప మొలకలు వందల్లో ఉన్నాయి. నేరేడూ అంతే. చిమ్మచీకటిగా ఉండే పొదలో కాకులు రాల్చిన వేప గింజలు లేచాయి. వాటికి ఎవరు ఎర్ర వెలుతురు చూపించారు? నా అనుమానం కొబ్బరి పొట్టు మీద. అది సరిగా కడక్కపోతే ఉప్పు ఉంటుంది. రెండోది వేడి. మార్చి, ఏప్రిల్ నెలల్లో నల్ల ప్లాస్టిక్ ట్రేలో చెయ్యి పెట్టి చూడండి, కాలుతుంది.

గింజలపెట్టె
ఏప్రిల్ 14, ఉదయం 9:20

నీడపట్టున గారు, మీరు చెప్పిన మూడూ నిజాలే. అయితే వేపతో నేల ఉసిరికి తూకం వేయకూడదు.

వేప గింజ పెద్దది, సొంత తిండి మూట కట్టుకుని వస్తుంది. నీడలో కూడా కొన్నాళ్లు ఆ మూట మీదే బతకగలదు. అందుకే దానికి ఆకాశంతో పని లేదు. నిద్ర కూడా దానికి చేతకాదు. రాలిన కొన్ని వారాల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది. నేరేడు అంతకన్నా తొందర, ఎండబెడితే చస్తుంది. "గింజలు ఎండబెట్టి దాచుకోండి" అన్న మాట నేరేడు దగ్గర తప్పు. కూర మొక్కల సంగతి మరొకటి. బెండ, గోంగూరలను మనిషి తరతరాలుగా వేయగానే లేచేవాటినే ఏరుకుంటూ వచ్చాడు, నిద్ర గుణం ఆ ఏరివేతలో చాలా వరకు పోయింది. అడవి మొక్కకు ఆ ఏరివేత జరగలేదు. అది అన్నీ ఒకేసారి లేస్తే, ఒక్క ఎండు వారం వచ్చినా వంశం పోతుంది. కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు, కొన్ని పదేళ్లకు లేస్తే ఎప్పుడో ఒకసారి మంచి వాన దొరుకుతుంది.

వెలుతురు తగిలితే మొలవనివి కూడా ఉన్నాయి. ఫసీలియా అనే మొక్క అందుకు పేరు పొందింది. దాన్ని పైన చల్లితే ఊరుకుంటుంది, కప్పితేనే లేస్తుంది. కాబట్టి ఒకే సూత్రం అన్నిటికీ పూయలేం.

వేడి గురించి మీరన్నది తొలకరి గారు తప్పక పట్టించుకోవాలి. లెట్యూస్ గింజే తీసుకోండి, 30 డిగ్రీలు దాటితే వెలుతురు ఉన్నా మొరాయిస్తుంది. గింజ ఏ రుతువులో లేవాలో నేల వేడిని బట్టి చూసుకుంటుంది. గునుగు, నేల ఉసిరి మన వైపు వానల మొక్కలు. వాటిని ఈ ఎండాకాలపు వేడిలో లేవమనడం మన తప్పు.

తెనాలి పెరడు (తెనాలి)
ఏప్రిల్ 15, సాయంత్రం 4:30

నాకు డెబ్బై మూడేళ్లు. మనవరాలు టైపు చేస్తోంది.

మా చేలో వరి ఊడ్చాక నీళ్లు ఎందుకు నిలబెడతారని చిన్నప్పుడు అడిగితే, "వరికి దాహమని కాదే, కలుపుకి ఊపిరాడకుండా" అని మా మామగారు చెప్పారు. నీళ్ల కింద గాలి ఉండదు, చాలా గింజలు లేవలేవు. కానీ ఊద మాత్రం లేస్తుంది. ఊదకి నీళ్లూ అడ్డం కాదు. ఒక్క వారం మడి ఆరిందా, మిగతా కలుపంతా ఒక్క పెట్టున పైకి వస్తుంది. అవి ఎక్కడికీ పోలేదు, అక్కడే కాచుకుని ఉన్నాయన్నమాట.

తొలకరి తల్లీ, మీ ఎదురు స్థలంలో జరిగింది కూడా అదే అనుకుంటున్నాను. నీళ్లు నిలిచినన్నాళ్లు ఊపిరి బిగపట్టి, పోయాక లేచాయి.

గింజలపెట్టె
ఏప్రిల్ 15, రాత్రి 9:05

అమ్మగారు చెప్పిందే సగం జవాబు. మిగతా సగం జేసీబీది.

ఏ పాత స్థలంలోనైనా మట్టిలో ఏళ్ల తరబడి రాలిన గింజలు పొరలు పొరలుగా ఉంటాయి. పై మట్టి గీకగానే నాలుగు పనులు ఒకేసారి జరిగాయి. లోపలి గింజ వెలుతురులోకి వచ్చింది. పైన నీడ వేసే ఆకులు పోయాయి. కప్పు లేని మట్టి పగలు కాగి, రాత్రి చల్లారడం మొదలైంది. లోతున ఉన్నప్పుడు పగటికీ రాత్రికీ అంత తేడా తెలియదు, ఆ తేడాను బట్టే చాలా గింజలు "నేను పైకి దగ్గరగా ఉన్నాను, నా మీద ఎవరూ లేరు" అని గుర్తిస్తాయి. నాలుగోది, కదిపిన తడి మట్టిలో నైట్రేట్ పెరుగుతుంది, అదీ ఒక మేలుకొలుపే. మా దగ్గర మొండి గింజల పరీక్షలో తడిపే నీళ్లలో పొటాషియం నైట్రేట్ 0.2 శాతం కలిపేది అందుకే.

మట్టిలో కొంతకాలం తడిగా పడుకున్న గింజలకు వెలుతురు మీద ఎంత ఆకలి పెరుగుతుందంటే, కొన్నిటికి దున్నేటప్పుడు మట్టి తిరగబడే ఆ రెప్పపాటు ఎండ చాలు. మళ్లీ మట్టి కప్పినా లేస్తాయి.

ఎన్నేళ్లు పడుకుంటాయి అంటారా? అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే ఆయన 1879లో 21 రకాల గింజల్ని ఇసుకతో కలిపి 20 సీసాల్లో పోసి పాతిపెట్టారు. కొన్నేళ్లకొకటి చొప్పున ఇప్పటికీ తవ్వుతున్నారు. 2021లో తీసిన సీసాలో కూడా వెర్బాస్కమ్ మొక్కవి కొన్ని మొలిచాయి. అంటే 142 ఏళ్ల తరవాత. ఆ సీసాను పగలు కాక, తెల్లవారకముందే చీకట్లో తవ్వారు, ఎండ తగిలి లెక్క తప్పకూడదని. ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. వాళ్ల తాతల తాతలు పెట్టిన సీసా అది.

మిరపచేను
ఏప్రిల్ 15, రాత్రి 10:40

రెప్పపాటు ఎండ చాలు అంటే, రాత్రిపూట దున్నితే కలుపు తగ్గాలి కదండీ?

గింజలపెట్టె
ఏప్రిల్ 15, రాత్రి 11:00

జర్మనీలో చేసి చూశారు. కొన్ని కలుపులు బాగా తగ్గాయి, కొన్నిటికి తేడా లేదు, అన్ని ఏళ్లూ ఒకేలా రాలేదు. పైపొరలో అప్పటికే వెలుతురు తగిలిన గింజలు ఉంటే రాత్రి దున్నినా లాభం లేదు. మీ సాళ్లలో నాలుగు సాళ్లకు చేసి చూడొచ్చు గానీ, చేనంతా దాని మీద ఆధారపడకండి.

మన పెద్దల పద్ధతి దీనికి తలకిందులు. తొలకరి వానకి నేల కదిపి, కలుపుని కావాలనే లేవనిచ్చి, గుంటక తోలి చంపి, ఆ తరవాత గొర్రుతో విత్తడం. నా మటుకు అదే ఎక్కువ నమ్మకం.

మిరపచేను
ఏప్రిల్ 16, ఉదయం 5:45

నిజమే, మేమూ అదే చేస్తాం. ఇంకో అనుమానం. మా తాతల నాటి నుంచి జొన్న చేలో మల్లె పడితే, మరుసటి ఏడు పత్తి వేయమనేవారు. పత్తి వేస్తే మల్లె తగ్గుతుందని. పత్తి నీడ వల్లా? మల్లె అంటే తెలియని వారికి, అది జొన్న వేరుకి అంటుకుని రసం పీల్చే మొక్క. చూడ్డానికి చిన్న పూలతో అందంగానే ఉంటుంది, చేను మాత్రం ఎండిపోతుంది.

గింజలపెట్టె
ఏప్రిల్ 16, మధ్యాహ్నం 2:15

నీడ కాదండి, ఇది అన్నిటికన్నా విచిత్రం. మల్లె గింజ ధూళి లాంటిది. మొలిచాక కొద్ది రోజుల్లో వేరు దొరక్కపోతే చచ్చిపోతుంది. అందుకని పక్కన వేరు ఉందన్న కబురు అందేదాకా అది లేవదు. ఆ కబురు వేరు విడిచే ఒక పదార్థం. దాన్ని మొదట పట్టుకున్నది పత్తి వేళ్ల నుంచే, 1966లో. స్ట్రైగాల్ అని పేరు పెట్టారు. పత్తికి మల్లె అంటుకోదు, కానీ పత్తి వేరు ఆ కబురు పంపుతుంది. మల్లె లేస్తుంది, పట్టుకోవడానికి ఏమీ ఉండదు, చస్తుంది. మీ తాతగారు చేసింది అదే. నిజానికి మొక్కలు ఆ పదార్థాన్ని విడిచేది వేళ్లకు మేలు చేసే బూజుల్ని పిలుచుకోవడానికి. ఆ పిలుపును మల్లె దొంగతనంగా వింటోంది. మీ నాన్నగారి కాలంలో పొగాకుకి పట్టిన మల్లె వేరే మొక్క, కానీ దాని గుణం కూడా ఇదే.

కొండదారి
ఏప్రిల్ 16, రాత్రి 8:30

కొండ మీద మంటలు వచ్చిన ఏడు, వానలకు కొన్ని మొక్కలు గుంపులుగా రావడం చూశాను. అదీ ఇలాంటి కబురేనా?

గింజలపెట్టె
ఏప్రిల్ 16, రాత్రి 9:10

వేడికి పెంకు పగలడం ఒకటి. పొగలో కూడా లేపే పదార్థం ఉందని ఆస్ట్రేలియాలో 2004లో తేల్చారు, కారికిన్ అంటారు. అక్కడి నూంగార్ ప్రజల మాటలో పొగను కారిక్ అంటారు, అందులోంచే ఆ పేరు వచ్చింది. అయితే మంట పెట్టి చూడమని మాత్రం ఎవరికీ చెప్పను. మంటకు లేచేవాటి కన్నా చచ్చేవి ఎక్కువ, చిన్న చెట్లు కూడా పోతాయి.

తొలకరి
ఏప్రిల్ 17, ఉదయం 7:30

మీరందరూ ఇంత ఓపికగా చెప్పినందుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పిల్లలతో చేయించడానికి చిన్న పరీక్ష ఏదైనా చెప్పండి. బడిలో ఉన్నవి స్టీలు పళ్లేలు, పాత బట్టలు, అంతే.

గింజలపెట్టె
ఏప్రిల్ 17, ఉదయం 8:10

అవి చాలు. మూడు పళ్లేల్లో తడి బట్ట పరిచి ఒక్కోదానిలో లెక్కపెట్టి యాభై కుక్కతులసి గింజలు వేయండి. ఒకటి కిటికీ దగ్గర తెరిచి పెట్టండి, నేరుగా ఎండ వద్దు. రెండోదాన్ని సిల్వర్ కాగితంలో రెండు పొరలు చుట్టండి. మూడోదాని మీద పచ్చి అరిటాకు రెండు పొరలు వేసి, అంచుల నుంచి వెలుతురు దూరకుండా మూసి, కిటికీ దగ్గరే పెట్టండి. అరిటాకు ఎండితే పనికిరాదు, పచ్చదనం ఉండాలి, రోజూ మార్చండి. అది మార్చేది చీకట్లో మాత్రమే. గదిలో వేడి మరీ ఎక్కువైతే మట్టి కుండ పక్కన పెట్టండి. గునుగు, నేల ఉసిరి కూడా ఇలాగే.

తొలకరి
ఏప్రిల్ 28, రాత్రి 8:55

ఫలితం వచ్చింది, కానీ నాకు అయోమయంగా ఉంది.

తెరిచిన పళ్లెంలో కుక్కతులసి నాలుగో రోజుకే జిగురులోంచి తెల్లటి మొన తీసింది, చాలా వరకు వచ్చాయి. నేల ఉసిరి నెమ్మదిగా, తొమ్మిదో రోజుకి కొన్ని. అరిటాకు కింద ఏదో ఒకటీ అరా. ఇంతవరకు మీరు చెప్పినట్టే. కానీ సిల్వర్ కాగితం లోపల చీకట్లో ఉన్నవి కూడా సగం దాకా మొలిచాయి! చీకట్లో రావన్నారు కదా. పిల్లలు "టీచర్, ఆ గారు తప్పు చెప్పారు" అంటున్నారు.

నీడపట్టున
ఏప్రిల్ 28, రాత్రి 9:20

మధ్యలో విప్పి చూశారా?

తొలకరి
ఏప్రిల్ 28, రాత్రి 9:24

రోజూ సాయంత్రం. తడి ఆరిందేమో అని స్టాఫ్ రూములో ట్యూబ్ లైటు కింద విప్పి చూసి మళ్లీ చుట్టాం.

నీడపట్టున
ఏప్రిల్ 28, రాత్రి 9:31

అదేనండి. నేను మొదట ఒప్పుకోలేదు గానీ ఈ పది రోజులూ దీని గురించే చదివాను. ట్యూబ్ లైటులో ఎరుపు ఉంటుంది, ఆవలి ఎరుపు దాదాపు ఉండదు. గింజకు అంతకన్నా గట్టి మేలుకొలుపు లేదు. మీరు చూసిన ఆ ఒక్క నిమిషమే దానికి ఆఖరి కబురు అయింది. పిల్లలకు ఈ మాట చెప్పండి, వాళ్ల పరీక్ష పాడవలేదు, ఇంకొక సంగతి రుజువు చేసింది.

గింజలపెట్టె
ఏప్రిల్ 28, రాత్రి 10:02

నీడపట్టున గారు నా పని తగ్గించారు. ఈసారి ముందే తగినంత తడిపి చుట్టండి, పదో రోజు దాకా విప్పకండి. తప్పదనుకుంటే బాగా మసక ఆకుపచ్చ వెలుగులో చూడాలి. విప్పాక మొలవనివాటిని పారేయకండి, అదే పళ్లెం కిటికీ దగ్గర పెట్టండి.

తొలకరి
మే 13, సాయంత్రం 6:40

సెలవులైనా ఆరుగురు పిల్లలు వచ్చారు. పది రోజులు ఎవరూ ముట్టుకోకుండా బీరువాలో పెట్టాం. విప్పితే కుక్కతులసి యాభైలో ఒక్కటీ లేదు. అన్నీ జిగురు పట్టి నల్లగా, అలాగే ఉన్నాయి. అందరి ముఖాలూ వాడిపోయాయి. కిటికీ దగ్గర పెట్టి వెళ్లిపోయాం. మూడో రోజు ఒక పాప ఇంటికి ఫోన్ చేసి "టీచర్, లేచాయి" అని ఏడ్చినంత పని చేసింది. ఇంతకుముందు చచ్చాయనుకుని ఎన్ని పొట్లాలు పారబోశానో తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంది.

గునుగు మాత్రం ఒక పొట్లానివి బాగా వచ్చాయి, ఇంకో పొట్లానివి అసలు రాలేదు. రెండూ ఒకే మొక్క కదా?

గింజలపెట్టె
మే 13, రాత్రి 9:15

రెండు పొట్లాలూ ఒకే చోట ఏరినవేనా? తల్లి మొక్క పెరిగిన తీరు గింజలో ఉండిపోతుంది. పక్వానికి వచ్చే రోజుల్లో తల్లికి ఎండ, వేడి ఎక్కువైతే చాలా మొక్కల్లో గింజ నిద్ర పలచగా ఉంటుంది, చల్లగా ఉంటే గాఢంగా ఉంటుంది. గింజ చుట్టూ ఉన్న పొర చివరిదాకా పచ్చగా ఉంటే, ఆ పచ్చదనం ఎర్ర వెలుతురును మింగేసి గింజను నిద్రపుచ్చే రూపంలోనే ఆరబెడుతుంది, అలాంటివి తరవాత వెలుతురు లేకుండా లేవవు. అందుకే పొట్లం మీద మొక్క పేరు ఒక్కటే చాలదు. ఎక్కడ ఏరారు, ఏ నెల, నీడా ఎండా, కాయ రంగు ఏమిటి, ఇవన్నీ రాయండి.

తొలకరి
మే 13, రాత్రి 9:40

ఒకటి కాలవ గట్టున తుమ్మ చెట్ల నీడలోది, డిసెంబరు. ఇంకోటి రోడ్డు పక్క గుట్ట మీద ఎండలోది, జనవరి. మొలిచింది గుట్టది.

తొలకరి
జూన్ 24, ఉదయం 6:30

మృగశిర వానలు పడ్డాయి. బడి వెనక జాగాని పిల్లలు వానకు ముందే తవ్వి, పై ఆకు చెత్త లాగేసి, నేల బోసిగా ఉంచారు. సగంలో గింజలు చల్లి అరచేత్తో అదిమాం. మిగతా సగంలో ఏమీ వేయలేదు, ఏం వస్తుందో చూద్దామని. వేయని సగంలోనే ముందు లేచాయి. తుమ్మి, కుప్పింట, ఇంకా పేరు తెలియనివి రెండు. పిల్లలు ఒక్కొక్క దాని పక్కన పుల్ల గుచ్చి తేదీ రాస్తున్నారు. తంగేడు వేడి నీళ్లకు ఉబ్బినవన్నీ వచ్చాయి. విష్ణుక్రాంత రుద్దినవి ఐదు. ఉత్తరేణికి ఢోకా లేదు.

కొండదారి గారు ఇచ్చిన పొనికి గింజలు గోడ నీడ ట్రేలో ఉన్నాయి, ఇంకా కదలలేదు. తీసేయను.

వాకుడు ఒక్కటే మూడుసార్లు వేసినా రాలేదు. గోడ నీడలో వేశాను, పైన వేశాను, కప్పి వేశాను. దీనికేం కావాలో ఎవరైనా చెబుతారా?

తెనాలి పెరడు
జూన్ 24, మధ్యాహ్నం 12:10

కాయలు ఏ రంగువి కోశావమ్మా?

తొలకరి
జూన్ 24, మధ్యాహ్నం 12:25

పచ్చవి అమ్మమ్మగారూ. తెల్ల చారలతో ముద్దుగా ఉంటే కోశాం.

తెనాలి పెరడు
జూన్ 24, మధ్యాహ్నం 12:50

అది పచ్చి కాయ తల్లీ, లోపల గింజ ముదరలేదు. పసుపుపచ్చగా పండి, నొక్కితే మెత్తగా ఉండాలి. మా దొడ్డి వెనక ముళ్ల కంచె పక్కన పండినవి ఉన్నాయి. గింజలు కడిగి నీడన ఆరబెట్టి ఉంచుతాను. ఆదివారం పిల్లల్ని తీసుకుని రండి, చెప్పులు వేసుకుని రమ్మను, ముళ్లు గట్టిగా ఉంటాయి.